అన్నం ముందు మనసు
ఆహార రుగ్మతలు – వాటి వెనుక ఉన్న మానసిక కారణాలు

ఆకలికి అన్నమే మందు. ఈ మాట మన హాస్టల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడటం మనందరికీ అలవాటే. అయితే ఎదురుగా అన్నం ఉండి, కడుపులో ఆకలి ఉండి, తినడానికి మనసు ఒప్పుకోని స్థితి ఒకటుంది. కడుపు నిండినా చెయ్యి ఆగని స్థితి ఇంకొకటుంది. ఈ రెండూ మనిషిని లోపల నుంచి తినేస్తాయి. మనోవిజ్ఞాన శాస్త్రం వీటిని ఈటింగ్ డిజార్డర్స్, అంటే ఆహార రుగ్మతలు అంటుంది. మానసిక వ్యాధుల్లో ఎక్కువ ప్రాణాలు తీసే వాటిలో ఇవి ముందు వరుసలో ఉన్నాయి. అందుకే తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ ఈ విషయం తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇవి ఏమిటి?

ఆహార రుగ్మతల్లో ముఖ్యమైనవి మూడు.

మొదటిది అనొరెక్సియా నెర్వోసా. ఈ జబ్బు ఉన్నవారు తిండి బాగా తగ్గించేస్తారు. ఎముకలు కనబడుతున్నా ఇంకా లావుగా ఉన్నామనే అనుకుంటారు. బరువు పెరుగుతుందేమో అన్న భయం వారిని వదలదు. ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవచ్చు. ఎముకలు బలహీనపడతాయి, గుండె వేగం పడిపోతుంది.

రెండవది బులీమియా నెర్వోసా. ఇందులో కొద్దిసేపట్లోనే చాలా ఎక్కువగా తినేస్తారు. తర్వాత భయపడి, తిన్నదాన్ని ఏదో విధంగా బయటకి పంపించాలని చూస్తారు, లేదా పస్తులుంటారు. బరువు మామూలుగానే ఉండటం వల్ల పక్కనున్నవారికి కూడా తెలియదు. పదే పదే వాంతులు చేసుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పళ్ళు కూడా పాడవుతాయి.

మూడవది బింజ్ ఈటింగ్ డిజార్డర్. అదుపు తప్పి తింటారు, తిన్నాక సిగ్గుతో కుంగిపోతారు, కానీ బయటకి పంపే ప్రయత్నం చేయరు.

ఇవి కొత్తగా పుట్టిన జబ్బులు కావు. 1689లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మోర్టన్, ఒంటి జబ్బు ఏదీ కనబడకుండానే చిక్కిపోయిన రోగుల గురించి రాశాడు. 1873లో పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ ఎవరికి వారే ఈ వ్యాధిని వివరించారు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టిందే. బులీమియాకి ఆ పేరు పెట్టి వివరించింది 1979లో బ్రిటిష్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ విడి వ్యాధిగా గుర్తించింది 2013లో.

మొదలుపెట్టేవి వేరు, నిలబెట్టేవి వేరు

ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ముప్పును పెంచే అంశం వేరు, కారణం వేరు. దారిలో బురద ఉంటే జారిపడే అవకాశం ఎక్కువ. అంతమాత్రాన బురదలో నడిచిన ప్రతివారూ పడరు. కింద చెప్పబోయే లక్షణాలు ఎవరిలోనైనా ఉంటే వారికి జబ్బు వచ్చినట్టు కాదు.

ఇంకొక సంగతి. పొయ్యి అంటించడానికి ఒక్క అగ్గిపుల్ల చాలు. మండుతూ ఉండాలంటే మాత్రం కట్టెలు పెడుతూ ఉండాలి. ఆహార రుగ్మతల విషయంలోనూ మొదలుపెట్టే అంశాలు కొన్ని, మొదలైనదాన్ని ఆరిపోకుండా నిలబెట్టే అంశాలు కొన్ని. పొయ్యి ఆర్పాలంటే అగ్గిపుల్ల ఎక్కడ పడిందో వెతికితే లాభం లేదు, కట్టెలు లాగాలి.

మొదలుపెట్టే అంశాలు

1. తన మీద తనకు విలువ లేకపోవడం: 'నేను ఎందుకూ పనికిరాను' అన్న భావన చిన్నప్పటి నుంచీ లోపల పాతుకుపోయిన పిల్లలు, విలువ సంపాదించుకోవడానికి ఏదో ఒక దారి వెతుకుతారు. చదువులో, ఆటల్లో, స్నేహంలో దారి దొరకనప్పుడు, 'కనీసం సన్నబడితే నలుగురూ మెచ్చుకుంటారు' అన్న ఆలోచన వస్తుంది. ఒళ్ళు ఒక్కటే తన చేతిలో ఉన్న పరీక్ష అవుతుంది.

2. అన్నీ నూటికి నూరు ఉండాలనే పట్టుదల: దీన్ని పర్ఫెక్షనిజం అంటారు. కష్టపడటం మంచిదే. అయితే తొంభై ఎనిమిది మార్కులు వచ్చినా ఆ రెండు మార్కుల కోసం తనను తాను తిట్టుకునే స్వభావం ప్రమాదకరం. అలాంటి మనసు తిండి మీదకి మళ్ళితే అక్కడ కూడా ఒక్క ముద్ద తేడా రానివ్వదు. క్లాసులో ఫస్టు వచ్చే బుద్ధిమంతురాలికి ఈ జబ్బేమిటని ఆశ్చర్యపోతాం. ఆ స్వభావమే ముప్పుగా మారవచ్చు.

3. జీవితం తన చేతిలో లేదన్న బాధ: జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యురాలు హిల్డే బ్రూక్ అనొరెక్సియా రోగులతో ఎన్నో ఏళ్ళు పనిచేసింది. 1978లో ఆమె రాసిన పుస్తకం పేరు 'బంగారు పంజరం' అనే అర్థం వచ్చేది. ఆమె రోగుల్లో చాలామంది చిన్నప్పుడు ఎదురు చెప్పని, చెప్పిన మాట వినే పిల్లలు. తమ జీవితంలో ఏదీ తమ ఇష్టప్రకారం జరగడం లేదన్న భావన వారిలో బలంగా ఉండేది. తిననని మొండికేయడం ఒక్కటే వారి చేతిలో మిగిలిన అధికారం. పైగా ఆకలిని, కోపాన్ని, దిగులును వేరు వేరుగా గుర్తించడం వారికి కష్టమయ్యేదని కూడా ఆమె గమనించింది.

4. వెక్కిరింపులు, అందం మీద సమాజపు కొలతలు: పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో జరిగిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. మన తెలుగువారు కూడా 1903 తర్వాత చెరకు తోటల కూలీలుగా ఆ దీవులకు వెళ్ళారు. ఈ అధ్యయనం మాత్రం అక్కడి మూలవాసుల అమ్మాయిల మీద జరిగింది. వారి సంప్రదాయంలో ఒళ్ళు నిండుగా ఉండటమే ఆరోగ్యం, అందం. చిక్కిపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. 1995లో నద్రోగా అనే ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం 1995లోనూ, మళ్ళీ 1998లోనూ స్కూలు అమ్మాయిలకు ఒక ప్రశ్నావళి ఇచ్చింది. తిండి విషయంలో ఆందోళనకరమైన స్కోరు వచ్చినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకున్నామన్నవారు 1995లో ఒక్కరూ లేరు. 1998లో 11.3 శాతం మంది ఉన్నారు. ఇది చిన్న అధ్యయనమే, రెండుసార్లూ అడిగింది వేరు వేరు అమ్మాయిలను. అయినా బయట నుంచి వచ్చిన బొమ్మ ఒక పల్లె పిల్లల మనసులో కొలతలను ఎంత తొందరగా మార్చగలదో ఇది చూపించింది. ఆనాటి టీవీ ఒక ఊళ్ళో నాలుగు ఇళ్ళల్లో ఉండేది. ఈనాటి ఫోను ప్రతి చేతిలోనూ ఉంది.

5. పుట్టుకతో వచ్చేవి, గాయాలు: కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ జబ్బుల్లో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని తేల్చాయి. చిన్నప్పటి నుంచీ ఆందోళన ఎక్కువగా ఉన్నవారికీ, చిన్నతనంలో హింసకు, లైంగిక వేధింపులకు గురైనవారికీ ముప్పు ఎక్కువ. కాబట్టి 'తల్లి పెంపకం సరిగా లేదు' అని ఒక్కరి మీద నింద వేయడం శాస్త్రం కాదు.

ఇది అమ్మాయిలకే పరిమితం కాదు. కండలు పెంచాలన్న పట్టుదలతో తిండిని వేధించే అబ్బాయిలూ ఉన్నారు. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ వంటి బరువు తూచి ఆడించే ఆటల్లో ఉన్నవారికి ముప్పు కొంత ఎక్కువ.

నిలబెట్టే అంశాలు

ఒక ఇంటర్ అమ్మాయి ఉందనుకుందాం. తోటివాళ్ళు 'బస్తా' అని పేరు పెట్టారు. ఆమె రాత్రి అన్నం మానేసింది. రెండు నెలల తర్వాత ఆ పేరు పెట్టినవాళ్ళు మర్చిపోయారు, కొందరు 'సన్నబడ్డావే, బాగున్నావు' అని మెచ్చుకున్నారు కూడా. వెక్కిరింపు ఆగింది కదా, మరి ఆమె మళ్ళీ ఎందుకు తినలేకపోతోంది? ఇక్కడే కట్టెల సంగతి అర్థం చేసుకోవాలి.

మొదటి కట్టె ఆకలే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దీనికి స్వచ్ఛందంగా వచ్చారు. ఆరు నెలల పాటు వారి తిండిని దాదాపు సగానికి తగ్గించారు. వారు తమ బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు. శరీరం సంగతి అలా ఉంచితే, వారి మనసులు మారిపోయాయి. రోజంతా తిండి గురించే ఆలోచన. వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు. కొద్దిపాటి భోజనాన్ని గంటల తరబడి తిన్నారు. స్నేహాలు తగ్గించుకున్నారు. చిరాకు, దిగులు పెరిగాయి. ప్రయోగం అయ్యాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక అదుపు తప్పి తిన్నారు. వీరెవరికీ ముందు ఆహార రుగ్మత లేదు. అంటే మనం జబ్బు లక్షణాలు అనుకునే వాటిలో చాలా భాగం పస్తుల వల్ల పుట్టేవే. తినకపోవడం వల్ల మనసు తిండి చుట్టూ తిరుగుతుంది. అలా తిరుగుతున్నందుకు భయపడి ఆ అమ్మాయి ఇంకా తక్కువ తింటుంది. 'లంఖణం పరమౌషధం' అన్నారు పెద్దలు. ఈ జబ్బులో మాత్రం లంఖణమే విషం.

రెండవ కట్టె 'ఎలాగూ పోయింది' అన్న ఆలోచన. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీము రుచి చూడమన్నారు. మామూలుగా తినేవారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. ఇది సహజం. తిండి మీద ఆంక్షలు పెట్టుకున్నవారు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీము మరింత ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది కదా, ఇక లెక్కేముంది అనుకుంటుంది మనసు. నియమం ఎంత కఠినంగా ఉంటే, అది తప్పినప్పుడు కట్ట అంత పెద్దగా తెగుతుంది. మర్నాడు ప్రాయశ్చిత్తంగా మళ్ళీ పస్తు. ఆ పస్తు మళ్ళీ కట్ట తెంచుతుంది. బులీమియా అనే గానుగ ఇలాగే తిరుగుతూ ఉంటుంది.

మూడవ కట్టె, మనిషి విలువ అంతా బరువులోనే చూసుకోవడం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ రుగ్మతలన్నింటికీ నడుమ ఉన్న మూలస్తంభం ఇదేనన్నాడు. మామూలుగా మనం మన విలువను చదువు, స్నేహాలు, ఇల్లు, ఆట, పాట ఇలా పది చోట్ల పంచి చూసుకుంటాం. ఒకచోట దెబ్బ తగిలితే మిగతావి నిలబెడతాయి. వీరి విలువ మొత్తం ఒక్క చోటే ఉంటుంది. అందుకే మాటిమాటికీ అద్దం చూసుకోవడం, చెయ్యి చుట్టూ వేళ్ళు పెట్టి కొలుచుకోవడం, లేదా అద్దానికే మొహం చాటేయడం. ఎంత చూసుకుంటే అంత లోపం కనబడుతుంది. ఫెయిర్‌బర్న్, అతని సహచరులు 2003లో దీనికి మరో నాలుగు కలిపారు. అతి పట్టుదల, లోతుగా పాతుకున్న ఆత్మన్యూనత, బాధను భరించలేకపోవడం, మనుషులతో సంబంధాల్లో చిక్కులు. ఇవి ఉన్నవారిలో జబ్బు మొండిదవుతుంది.

నాలుగవ కట్టె, తాత్కాలిక ఉపశమనం. తిండి మానేసినప్పుడు ఏదో సాధించామన్న తృప్తి. అతిగా తిన్నప్పుడు కాసేపు దిగులు మర్చిపోవడం. ఆ కాసేపటి సుఖం కోసం మనసు మళ్ళీ అదే దారి పడుతుంది. లోపలి బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఐదవ కట్టె, రహస్యం. సిగ్గు వల్ల దాస్తారు. దాయడం వల్ల ఒంటరి అవుతారు. ఒంటరితనంలో జబ్బుకు ఎదురు చెప్పేవారే ఉండరు. దానికి మనం చేసే మెచ్చుకోలు, 'సన్నబడ్డావే' అన్న మాట తోడైతే, తెలియకుండానే మనమూ ఒక కట్టె వేసినట్టే.

'ఇది కలిగినోళ్ళ జబ్బు' అనే మాట

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. సెలవులకు వెళ్ళినప్పుడు నేను చదివే పాఠాలు అమ్మకు చెబుతుంటాను. ఈ జబ్బు గురించి చెబితే, 'అన్నం ఉండీ తినకపోవడమా? అది కలిగినోళ్ళ జబ్బు లేమ్మా' అంది. పొలం పనికి వెళ్ళి మమ్మల్ని సాకిన మనిషికి అలా అనిపించడంలో తప్పు లేదు. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఇది తెల్లవారి, ధనవంతుల ఇళ్ళల్లో అమ్మాయిలకు వచ్చే జబ్బనే రాశారు. తర్వాత వచ్చిన సాక్ష్యాలు వేరుగా ఉన్నాయి.

2017లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఉచిత ఆహార కేంద్రాలకు వచ్చే 500 మందికి పైగా పేదలను పరిశోధకులు పరిశీలించారు. ఇంట్లో తిండికి కటకట ఎంత ఎక్కువగా ఉంటే, అదుపు తప్పి తినడం, తర్వాత దానికి పరిహారంగా చేసే ప్రమాదకరమైన పనులు అంత ఎక్కువగా కనబడ్డాయి. మిన్నెసోటా ప్రయోగం గుర్తున్నవారికి ఇది ఆశ్చర్యం కాదు. పస్తు కావాలని ఉన్నా, లేక ఉన్నా, మెదడుకు తెలిసేది ఆకలే. సెలవుల తర్వాత హాస్టల్‌కు వచ్చిన పిల్లలు మొదటి వారం ఆత్రంగా తినడం, ట్రంకుపెట్టెలో తిండి దాచుకోవడం మనం చూస్తుంటాం. అది తిండిపోతుతనం కాదు, జబ్బు అంతకన్నా కాదు. లేమిని చూసిన శరీరం జాగ్రత్తపడటం. దాన్ని వెక్కిరించి సిగ్గుపడేలా చేస్తేనే రహస్యం మొదలవుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి రోగులు కొందరు 'లావవుతానని భయం' అని చెప్పరు. 'కడుపు ఉబ్బరంగా ఉంది, అన్నం దిగడం లేదు, ఆకలి లేదు' అంటారు. హాంకాంగ్‌లో సింగ్ లీ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో 70 మంది అనొరెక్సియా రోగుల్లో సుమారు ఐదింట మూడు వంతుల మందికి లావు భయం లేదు. ఢిల్లీ వైద్యులు 1995లో ప్రచురించిన కేసుల్లోనూ ఇటువంటి తేడాలే కనబడ్డాయి. అందుచేత ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూస్తే మన పిల్లలు దొరకరు.

అన్నం తినని ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్టు కూడా కాదు. ఇంటి మీద బెంగ, క్షయ, టైఫాయిడ్, నులిపురుగులు, పరీక్షల భయం, ఏవైనా ఆకలిని చంపుతాయి. ముందు ఒంటి జబ్బు ఉందేమో చూపించాలి. ఇక అన్నంలో పురుగులు వస్తే తినకపోవడం అసలు జబ్బే కాదు. అది ఫిర్యాదు చేయాల్సిన సంగతి.

మనం ఏం చేయగలం?

గమనించాల్సినవి: నెలల తరబడి ఏదో ఒక సాకుతో భోజనం తప్పించుకోవడం, వేగంగా చిక్కిపోవడం, తిన్న వెంటనే ప్రతిసారీ బాత్‌రూముకు వెళ్ళడం, ఎప్పుడూ చలిగా ఉందనడం, నెలసరి ఆగిపోవడం, తిండి గురించి మాట్లాడితే మండిపడటం.

మాట్లాడే పద్ధతి: అందరిముందూ అడగవద్దు. 'తిను, తిను' అని బలవంతం చేయవద్దు. 'తిండి ఎక్కువై పొగరు' అనే మాట అసలు వద్దు. బరువు గురించి కాకుండా మనిషి గురించి అడగండి. 'ఈమధ్య దిగులుగా ఉంటున్నావు, నాతో చెప్పవచ్చు' అంటే చాలు. చెబితే వినండి. తర్వాత మీలోనే ఉంచుకోకుండా మీరు నమ్మే టీచరుకో, వార్డెనుకో, ఏఎన్ఎంకో చెప్పండి. ఇది చాడీ చెప్పడం కాదు.

వైద్యం: ఈ జబ్బులకు వైద్యం ఉంది, చాలామంది కోలుకుంటారు. ఆలోచనలను, తినే అలవాటును కలిపి సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు బాగా పనిచేస్తుంది. అనొరెక్సియా ఉన్న పిల్లలకు ఇంట్లోవారిని తోడు చేసుకుని చేసే చికిత్స మంచిది. దీన్ని 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపొందించారు. బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం ప్రాణానికే ప్రమాదం. అది వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట, ఇవి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఎవరైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

వీటన్నిటి కంటే తేలికైన పని ఒకటి మన చేతిలోనే ఉంది. ఎవరి ఒంటికీ పేరు పెట్టకుండా ఉండటం. 'బస్తా', 'పుల్ల', 'గున్న' అని పిలిచేటప్పుడు మనకు అది సరదా. విన్నవారిలో ఎవరి దగ్గర ఎండుకట్టెలు ఉన్నాయో మనకు తెలియదు. అగ్గిపుల్ల మాత్రం మనం గీయకూడదు. మనం ఇక్కడికి వచ్చింది చదువుకుని, మన ఇళ్ళల్లో మొదటి తరంగా నిలబడటానికి. అలా నిలబడటానికి కావలసిన బలం పుస్తకంలో సగం ఉంటే, భయం లేకుండా కూర్చుని తినే పళ్ళెంలో సగం ఉంది.

– పూర్వ విద్యార్థిని,
ఎమ్మెస్సీ సైకాలజీ